సందేహం వస్తే లేపు!

‘శనివారం రాత్రి ఫెర్రీల ఫ్రాన్స్ పోతున్నమమ్మా, ఫోన్ కలవకుంటే పరేషాన్ కాకు’ అని సూర్యాపేటలో ఉన్న మా అమ్మకి చెప్పాను. అందులో శనివారం నిజం, రాత్రి నిజం, ఫ్రాన్స్ నిజం. ఫెర్రీ ఒక్కటే అబద్ధం. మేం వెళ్తున్నది 26 అడుగుల తెరచాప పడవలో. అందులో ఉండేది ఇద్దరమే, నేనూ మా ఆయనా. రాత్రిపూట సముద్రం దాటడం ఇద్దరికీ అదే మొదటిసారి. నాకైతే ఈత కూడా అంతంతమాత్రమే.

పగటి కెప్టెన్లం

మేమిద్దరం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. బీటెక్‌లో క్లాస్‌మేట్లం. తనది బందరు. బందరంటేనే రేవు కదా, సముద్రం తన రక్తంలోనే ఉంటుందనుకునేదాన్ని. నాది సూర్యాపేట. నేను మొదటిసారి సముద్రం చూసింది ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో, కాలేజీ టూర్‌కి వైజాగ్ వెళ్ళినప్పుడు.

ఫైనలియర్‌లో ఉండగా పేపర్లో ఒక వార్త చదివాను. మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ‘ఐఎన్‌ఎస్‌వీ తరిణి’ అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచమంతా చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కి చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. ఆ కటింగ్‌ని హాస్టల్ బీరువా తలుపుకి అంటించుకున్నాను. అంతే, అప్పటికి అది అక్కడే ఆగింది.

సౌతాంప్టన్ వచ్చాక ఆఫీసులో ఒక సహోద్యోగి ఓ ఆదివారం తన పడవలో తిప్పాడు. ఇంజిన్ ఆపి తెరచాప ఎత్తగానే, చప్పుడు లేకుండా పడవ ఒక పక్కకి ఒరిగి ముందుకు కదిలింది. ఆ నిమిషానికే ఇద్దరం పడిపోయాం. ఆ వేసవిలోనే రాయల్ యాటింగ్ అసోసియేషన్ సిలబస్‌తో నడిచే ఐదు రోజుల కోర్సు ‘కాంపిటెంట్ క్రూ’ చేశాం. మరుసటి ఏడాది ‘డే స్కిపర్’. పేరులోనే ఉంది చూడండి, పగటి కెప్టెన్. తెలిసిన నీళ్ళలో, పగటిపూట, చిన్న చిన్న దూరాలకే అది. నిజానికి బ్రిటన్‌లో సొంత సరదాకి సముద్రం మీద పడవ నడపడానికి లైసెన్సే అక్కర్లేదు. కారుకి పరీక్ష పెట్టే దేశం, పడవకి మాత్రం నీ బుద్ధికి వదిలేసింది. వైర్‌లెస్ రేడియో వాడటానికి మాత్రం సర్టిఫికెట్ ఉండాలి. అది ఇద్దరం తీసుకున్నాం.

మా పడవ ‘వెస్టర్లీ సెంటార్’ రకం. 1969 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో ఈ రకం పడవలు రెండు వేలకు పైగా తయారయ్యాయి. అంటే మా ఇద్దరికన్నా వయసులో పెద్దది. ఒక పాత కారు ధరకి దొరికింది. దాని అడుగున ఒకటికి బదులు రెండు రెక్కలుంటాయి. నీళ్ళు తీసేసినా బురదలో పక్కకి పడిపోకుండా, రెండు కాళ్ళ మీద కూర్చున్న కొంగలా నిలబడుతుంది. వేగం గురించి మాత్రం అడక్కండి. గంటకి ఐదు నాటికల్ మైళ్ళు, అంటే తొమ్మిది కిలోమీటర్లు. సైకిల్ తొక్కేవాడు దాటేసి వెళ్ళిపోతాడు.

నవమి నాడు ప్రయాణం

సౌతాంప్టన్‌కి ఎదురుగా ఐల్ ఆఫ్ వైట్ ద్వీపం ఉంది. దాని పడమటి కొసన సముద్రంలోకి వరసగా నిలబడిన తెల్లటి సుద్దరాళ్ళని ‘నీడిల్స్’ అంటారు. చివరి రాయి పక్కనే ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్. మ్యాప్‌లో అక్కడ స్కేలు పెట్టి కిందికి గీత గీస్తే, ఇంగ్లిష్ చానల్ దాటి తిన్నగా ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్గ్ రేవుకి తగులుతుంది. దాదాపు 60 నాటికల్ మైళ్ళు, అంటే 110 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో సూర్యాపేట బస్సెక్కితే నకిరేకల్ వచ్చేంత దూరం. బస్సుకి రెండున్నర గంటలు. మా పడవకి పదమూడు.

పగలు బయల్దేరితే తెలియని రేవులోకి చీకట్లో వెళ్ళాలి. సాయంత్రం బయల్దేరితే చీకటి నడిసముద్రంలో గడిచిపోయి, రేవు పొద్దుటి వెలుగులో కనిపిస్తుంది. అందుకే కొత్తవాళ్ళు కూడా రాత్రినే ఎంచుకుంటారు. జూన్ నెలాఖరులో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, మూడున్నరకే మళ్ళీ తెల్లబడుతుంది. అసలు చీకటి ఐదు గంటలే.

లెక్కలన్నీ మా ఆయనే వేశాడు. పెద్ద స్ప్రెడ్‌షీట్. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చానల్‌లో నీళ్ళు ఆరు గంటలు పడమటికి, ఆరు గంటలు తూర్పుకి పారుతుంటాయి. మనం దక్షిణంగా వెళ్తుంటే సగం రాత్రి ఒక పక్కకి, మిగతా సగం రెండో పక్కకి కొట్టుకుపోతాం. కొత్తవాళ్ళు జీపీఎస్‌లో తిన్నటి గీత చూస్తూ, దాని మీదే ఉండాలని ప్రవాహంతో కుస్తీ పడతారట. అలా చేస్తే దూరం, టైము రెండూ పెరుగుతాయి. తెలిసినవాళ్ళు మొత్తం రాత్రికి కలిపి ఒకే దిక్సూచి కోణం లెక్క కట్టుకుని, దాన్నే పట్టుకుని కూర్చుంటారు. స్క్రీన్ మీద దారి పాములా మెలికలు తిరుగుతుంది. తెల్లారేసరికి రెండు ప్రవాహాలూ దాదాపు చెల్లుకు చెల్లు. చివర్లో ఒక్కటే జాగ్రత్త. రేవు దగ్గరికి చేరే సమయానికి నీళ్ళు ఎటు పారుతుంటాయో దానికి ఎగువన ఉండాలి. దిగువకి పోయామా, ఆ ఐదు మైళ్ళ వేగంతో ఎదురీదలేం.

బందరులో మా మామగారికి మాత్రం నిజమే చెప్పాం. ఆయన రిటైర్డ్ టీచర్. గిలకలదిండి రేవులో తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆయన అడిగింది ఒకే ప్రశ్న.

“పోటు పాట్లు చూసుకున్నార్రా?”

చూసుకున్నాం. పున్నమికి, అమావాస్యకి పోట్లు బలంగా ఉంటాయి. అష్టమి నవములు దాటే రోజుల్లో బాగా తగ్గుతాయి. ప్రవాహం ఎంత తక్కువైతే మాలాంటివాళ్ళకి అంత మంచిది. వాతావరణం, ఆఫీసు సెలవు, నీళ్ళ లెక్క అన్నీ కలిసొచ్చిన శనివారం క్యాలెండర్‌లో చూస్తే బహుళ నవమి. మా ఇంట్లో అష్టమి నవములకి పక్కూరికి కూడా బయల్దేరరు. అమ్మకి ఫెర్రీ అని చెప్పడానికి అదీ ఒక కారణం.

ఇంకో తతంగం వీసా. మావి ఇండియన్ పాస్‌పోర్టులు. బ్రిటన్‌లో ఉద్యోగ వీసా ఉన్నా ఫ్రాన్స్ గడ్డ మీద కాలు పెట్టాలంటే షెంగెన్ వీసా ఉండాల్సిందే. పడవలో వెళ్తే ఎవరు చూస్తారులే అనుకోడానికి లేదు. వెళ్తున్నట్టు ఇటు, వస్తున్నట్టు అటు ముందే తెలియజేయాలి. ఒక స్నేహితుడికి మా ప్లాన్ కాపీ ఇచ్చాం. ఆదివారం మధ్యాహ్నానికి మెసేజ్ రాకపోతే కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చేయమన్నాం.

ఇక మాలో మేం పెట్టుకున్న నియమాలు మూడు. ఒకటి, లైఫ్‌జాకెట్, పడవకి కట్టే తాడు తీయకూడదు. రెండు, ఒంటరిగా ఉన్నవాళ్ళు వెనక కూర్చునే చోటు వదిలి ముందుకి వెళ్ళకూడదు. మూడు, ఏ కాస్త సందేహం వచ్చినా రెండోవాళ్ళని లేపాలి. మూడోది చెప్పుకోడానికి చాలా తేలికనిపించింది.

బందరు అబ్బాయి పడిపోయాడు

ద్వీపంలోని యార్మౌత్ అనే చిన్న ఊరి నుంచి సాయంత్రం ఆరున్నరకి తాళ్ళు విప్పాం. పాటు మొదలైంది. ఆ నీళ్ళే మమ్మల్ని పడమటికి తోసుకెళ్ళాయి. హర్స్ట్ కోట దగ్గర సముద్రం ఇరుకైపోతుంది. అక్కడ గట్టు మీద మనుషులు గబగబా వెనక్కి పోతుంటే మా వేగం మాకే తెలిసింది. కుడిచేతి వైపు ‘షింగిల్స్’ అనే గులకరాళ్ళ దిబ్బ మీద నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. ఎడమవైపు నీడిల్స్. ఏడున్నరకి లైట్‌హౌస్ వెనకబడింది. ముందున్నది నీళ్ళే.

గాలి పడమర నుంచి, ఫోర్స్ 4. అంటే 11 నుంచి 16 నాట్లు. మేం దక్షిణానికి పోతున్నాం కాబట్టి గాలి సరిగ్గా పక్క నుంచి వీస్తోంది. తెరచాప పడవకి ఇంతకన్నా మంచి గాలి ఉండదు. చీకటి పడకముందే పెద్ద తెరచాపని ఒక మడత తగ్గించేశాం. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ, అమ్మ పంపిన సకినాలు, అల్లం మురబ్బా, అన్నీ చేతికందేలా సర్దాను. వాంతుల మాత్రలు బయల్దేరేముందే ఇద్దరం వేసుకున్నాం.

తొమ్మిదింటికి మా ఆయన చార్ట్ మీద గుర్తు పెట్టడానికి కిందికి కేబిన్‌లోకి దిగాడు. పది నిమిషాల తర్వాత పైకొచ్చిన మనిషి ముఖంలో రక్తం లేదు. ఒడ్డు కనిపించనిచోట, కింద కూర్చుని, ఊగుతున్న బల్ల మీద గీతలు గీయడమంటే వాంతులకి అంతకన్నా దగ్గర దారి లేదని తర్వాత తెలిసింది. అంచు మీదికి వంగాడు. మళ్ళీ వంగాడు. సూర్యుడు వాయవ్యంలో ఎర్రగా మునుగుతున్నాడు, ఫొటో తీయడానికి కూడా చేతులు ఖాళీ లేవు. ఒక చేత్తో చుక్కాని కర్ర, ఇంకో చేత్తో తన జాకెట్ వీపు పట్టుకుని కూర్చున్నా.

“వెనక్కి పోదామా?” అన్నాను.

అప్పటికి ఎనిమిది మైళ్ళు వచ్చాం. వెనక్కంటే ఆ ఇరుకులో పాటుకి ఎదురీదాలి, అదీ చీకట్లో. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

“నువ్వు నడపగలవా?” అన్నాడు.

“నడపగలను.”

“అయితే పోదాం. నాకు రెండు గంటలు నిద్రపట్టిందంటే లేస్తాను.”

పదిన్నరకి కేబిన్‌లోకి దిగి లైఫ్‌జాకెట్‌తోనే పడుకున్నాడు. సముద్రం పక్కన పుట్టినవాడు లోపల, సూర్యాపేట అమ్మాయి బయట.

255 డిగ్రీలు

చీకటి పడ్డాక సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. అల వెనక నుంచి వస్తున్న శబ్దం ముందు, ఊపు తర్వాత. పాత యజమాని వదిలివెళ్ళిన ఆటోపైలట్ ఎప్పుడో చచ్చిపోయింది, కాబట్టి గంటల తరబడి కర్ర పట్టుకునే ఉండాలి. దిక్సూచి మీద ఎర్రటి చిన్న దీపం. దాన్నే చూస్తుంటే తల తిరుగుతుంది. అందుకని దానికి సరిపోయే నక్షత్రం ఒకటి చూసుకుని, అది మాస్ట్ పక్కన ఉండేలా నడపాలి. పావుగంటకోసారి నక్షత్రం మార్చుకోవాలి, అదీ నడుస్తుంది కదా. వెనకవైపు సెయింట్ కాథరీన్స్ లైట్‌హౌస్ ఐదు సెకన్లకోసారి మెరుస్తోంది. అది ఉన్నంతసేపు ఎవరో తోడున్నట్టే ఉంది.

పదకొండున్నర నుంచి ఓడలు మొదలయ్యాయి. ఇంగ్లిష్ చానల్ ప్రపంచంలోనే రద్దీ ఎక్కువగా ఉండే సముద్ర మార్గాల్లో ఒకటి. మన రోడ్డు మీద ఎడమవైపు వెళ్ళినట్టు అక్కడ ఓడలు కుడివైపు ఉంటాయి. కాబట్టి ఉత్తరం నుంచి దిగేవాళ్ళకి ముందు పడమటికి పోయే ఓడలు ఎడమ నుంచి వస్తాయి, వాటి ఆకుపచ్చ దీపం కనిపిస్తుంది. సగం దాటాక తూర్పుకి పోయేవి కుడి నుంచి వస్తాయి, వాటి ఎర్ర దీపం కనిపిస్తుంది. ఆకుపచ్చ, ఎరుపు రెండూ కలిసి కనిపించాయంటే అది తిన్నగా మన మీదికే వస్తోందని అర్థం.

ఎడమ నుంచి వచ్చిన నాలుగూ దూరం నుంచే పోయాయి. ఒంటిగంట దాటాక తూర్పున సగం చంద్రుడు లేచాడు. ధైర్యం కూడా కొంచెం లేచింది. ఒక సకినం నోట్లో వేసుకున్నా.

రెండు దాటాక కుడివైపు కొత్త దీపాలు. రెండు తెల్లవి, ఒకటి కిందా ఒకటి పైనా. మధ్యలో ఎరుపు. దిక్సూచి చేత్తో పట్టుకుని ఎటున్నాయో చూశాను. 255 డిగ్రీలు. మూడు నిమిషాలాగి మళ్ళీ చూశాను. 255. ఇంకో మూడు నిమిషాలు. 255.

కోర్సులో మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి. మనమూ కదులుతూ అవతలివాడూ కదులుతున్నా, వాడు కనిపించే కోణం మారకపోతే ఇద్దరం ఒకే చోటికి పోతున్నామన్నమాట. ఓడల వివరాలు చూపే ఏఐఎస్ స్క్రీన్ కూడా అదే చెప్పింది. పొడవు 300 మీటర్ల పైన. వేగం 18 నాట్లు. దూరం ఆరు మైళ్ళు. దగ్గరికొచ్చినప్పుడు మా మధ్య ఉండబోయే దూరం ఒక మైలులో పదో వంతు. టైము సుమారు 19 నిమిషాలు.

నియమాల ప్రకారం తెరచాప మీద పోతున్న పడవకి ఇంజిన్ ఓడే దారివ్వాలి. కానీ అంత ఎత్తు నుంచి మా చిన్న దీపం వాళ్ళకి కనిపిస్తుందో లేదో. నియమం మన పక్షాన ఉందని రోడ్డు మధ్యలో లారీకి ఎదురు నిలబడం కదా.

కేబిన్ తలుపు నాకు మూడడుగుల దూరంలో ఉంది. పిలిస్తే చాలు. పిలవలేదు.

ఎందుకు పిలవలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పాపం ఇప్పుడే నిద్రపోయాడన్న జాలి కొంత. అసలు కారణం అది కాదు. మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి సర్వర్ పడిపోతే, సీనియర్ నంబర్ ఎదురుగా రాసిపెట్టి ఉన్నా మూడు గంటలు ఒక్కదాన్నే కిందా మీదా పడ్డాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయికి చేతకాలేదు అంటారేమోనన్న భయం. చివరికి సరిచేశాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పే నాకు తప్పు పాఠం నేర్పిందని అప్పుడు తెలియలేదు.

దూరం నాలుగు మైళ్ళకి తగ్గింది. కోర్సులో ‘హీవ్ టు’ అని నేర్పారు. నడిసముద్రంలో పడవకి హ్యాండ్‌బ్రేక్ వేయడం లాంటిది. ముందు తెరచాప తాడు వదలకుండా పడవని గాలికి అడ్డంగా తిప్పేస్తే, ఆ తెరచాప వెనక్కి నెడుతుంది, పెద్దది ముందుకి లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఆపేసి పడవ దాదాపు నిలబడిపోతుంది. పగలు, మాస్టారు పక్కనుండగా మూడుసార్లు చేశాను. ఇప్పుడు కర్రని ఎడమకి పూర్తిగా తోసి ఊపిరి బిగబట్టాను. పడవ గాలిలోకి తిరిగింది, తెరచాపలు ఒక్కసారి దడదడలాడాయి, చప్పున నిశ్శబ్దం. కర్రని రెండో పక్కకి కట్టేశాను. ఊపు సగానికి సగం తగ్గిపోయింది. స్క్రీన్ మీద అంకె మెల్లగా మారడం మొదలైంది. అర మైలు, ముప్పావు, మైలు.

ఓడ మా ముందు నుంచి వెళ్ళింది. ముందు దాని ఇంజిన్ కాళ్ళ కింద పడవ చెక్కలో వణుకుగా తెలిసింది. తర్వాత దీపాలతో ఒక వీధి మొత్తం కదిలిపోతున్నట్టు కనిపించింది. వాళ్ళు మమ్మల్ని చూశారో లేదో ఇప్పటికీ తెలియదు.

కేబిన్ తలుపులోంచి తల బయటికొచ్చింది. ఊగడం ఆగిందని మెలకువొచ్చిందట.

“ఏమైంది? ఎందుకాగాం?”

చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పానేమో. మెచ్చుకుంటాడనుకున్నా. వెళ్ళిపోతున్న ఓడ వైపు చూసి, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

“ఎందుకు లేపలేదు?”

“నీకు ఒంట్లో బాలేదు కదా.”

“బాలేకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు. తిరిగేటప్పుడు ఆ తెరచాప కర్ర తగిలి నువ్వు పడిపోయుంటే? నేను లేచేసరికి ఎవరూ ఉండేవారు కాదు. నేను కింద నిశ్చింతగా నిద్రపోయింది నువ్వు లేపుతావన్న నమ్మకంతో. ఇక నాకు నిద్రెలా పడుతుంది చెప్పు?”

నా దగ్గర సమాధానం లేదు. పెళ్ళయిన మూడేళ్ళలో చాలా పోట్లాడుకున్నాం గానీ, తలుపేసుకుని పక్కగదిలోకి వెళ్ళే వీల్లేని చోట పోట్లాడటం అదే మొదలు. ఎనిమిది మీటర్ల పడవ, చుట్టూ చీకటి. తప్పు నాదే అని చెప్పాను. తెరచాపలు సరిచేసుకుని మళ్ళీ దక్షిణానికి తిరిగాం.

ఆకాశంలో మెరుపులు

మూడు కావస్తుండగా నేను కిందికి దిగాను. తను ఇంకా నీరసంగానే ఉన్నాడు. అయినా గాలి తగలడమే నయంగా ఉంది, నువ్వు పడుకో అన్నాడు. నడపడం కంటే పడుకోవడమే కష్టమని అప్పుడు తెలిసింది. చెవి పక్కన పలచటి గోడ, దాని అవతల నీళ్ళు. పైన ఏ చప్పుడైనా అది తను పడిపోయిన చప్పుడేమో అనిపిస్తుంది. పావుగంటకి కునుకు పట్టింది.

“ఒకసారి పైకి రా” అని పిలుపు.

దబ్బున లేచి వెళ్ళాను. “అటు చూడు, ఆగ్నేయంలో ఏదో మెరుస్తోంది. ఉరుములేమో” అన్నాడు. తెరచాప పడవ మీద పొడుగాటి అల్యూమినియం మాస్ట్ ఉంటుంది. చుట్టుపక్కల ఎత్తైనది అదొక్కటే. మెరుపులంటే భయం ఊరికే కాదు.

ఇద్దరం పక్కపక్కన కూర్చుని లెక్కపెట్టాం. ఒక మెరుపు, ఇంకో మెరుపు. చీకటి. పది సెకన్లు. మళ్ళీ రెండు. మళ్ళీ పది సెకన్లు. మెరుపులకి అంత క్రమశిక్షణ ఉండదు. లైట్‌హౌస్‌ల జాబితా తెరిచి చూశాను. పది సెకన్లకి రెండు మెరుపులు, గట్‌విల్. ఫ్రాన్స్‌లోని అతి ఎత్తైన లైట్‌హౌస్‌లలో ఒకటి, 70 మీటర్ల పైమాటే. దీపం ఇంకా కనుచూపుకి అందలేదు, దాని వెలుగు మాత్రం ముందే ఆకాశాన్ని తాకుతోంది. మేం చూసిన మొదటి ఫ్రాన్స్ అదే.

ఇద్దరం నవ్వుకున్నాం. “దీనికోసం లేపానా, సారీ” అన్నాడు.

“లేపావు కాబట్టే ఇప్పుడు నిద్రపోతా” అన్నాను. నిజంగానే ఆరింటిదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఏం వచ్చినా పిలుస్తాడని తెలిశాక పట్టిన నిద్ర అది. తను నన్ను కాసేపటి క్రితం అడిగింది ఇదేనని పడుకునేముందు అర్థమైంది.

పులిహోరతో ఫ్రాన్స్‌లోకి

లేచేసరికి ఎదురుగా నేల. సాయంత్రం పడమటికి ఆరేడు మైళ్ళు లాక్కెళ్ళిన నీళ్ళు, తెల్లవారుజామున మళ్ళీ తూర్పుకి తెచ్చి పెడుతున్నాయి. స్ప్రెడ్‌షీట్ నిలబడింది. రేవుకి కాస్త పడమటగానే ఉన్నాం, ఉండాల్సింది కూడా అక్కడే.

షెర్‌బూర్గ్ సముద్రానికి గోడ కట్టి చేసిన రేవు. 18వ శతాబ్దం చివర్లో మొదలైన ఆ నడిమి గోడ 1853లో పూర్తయింది. పొడవు మూడున్నర కిలోమీటర్ల పైనే. మధ్యలో, కొసల్లో రాతి కోటలు. పడమటి కోట పక్క నుంచి లోపలికి తిరగ్గానే రాత్రంతా పట్టి ఊపిన సముద్రం చెరువులా అయిపోయింది.

టైటానిక్ కూడా 1912 ఏప్రిల్ 10న మా సౌతాంప్టన్ నుంచి బయల్దేరి, మొదట ఆగింది ఇక్కడే. అంత పెద్ద ఓడ ఒడ్డుకి రాలేక, ప్రయాణికుల్ని చిన్న ఓడల్లో చేరవేశారు. ఒకప్పటి ఓడల టెర్మినల్ భవనమే ఇప్పుడు ‘సిటే ద లా మెర్’ అనే మ్యూజియం. అందులో ‘లె రెడౌటబుల్’ అనే అణు జలాంతర్గామి లోపలికి దిగి తిరగొచ్చు. బయల్దేరేముందు ఆఫీసులో టైటానిక్ పేరుతో వేసిన జోకులన్నీ గుర్తొచ్చాయి.

అక్కడి గడియారంలో తొమ్మిది దాటింది. పోర్ట్ షాంట్‌రెన్ అనే పడవల రేవులో తాళ్ళు కట్టాం. మా ఆయనకి ఆకలేసింది! ఆ మాట వినడానికే ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా బేకరీ వాసనలొస్తున్నా ముందు పులిహోర డబ్బానే ఖాళీ చేశాం. తర్వాత పాస్‌పోర్టుల మీద ముద్ర వేయించుకున్నాం. షెంగెన్ ముద్రలో ఎలా వచ్చామో తెలిపే చిన్న బొమ్మ ఉండేది. విమానంలో వస్తే విమానం, మాకు ఓడ. ఫెర్రీలో వచ్చినవాళ్ళకీ అదే ఓడ బొమ్మ. అమ్మకి చెప్పిన అబద్ధాన్ని కావాలంటే అలాగే నిలబెట్టుకోవచ్చు.

సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకి మొత్తం చెప్పేశాను. పడవ, వాంతులు, ఓడ, పోట్లాట, అన్నీ. చాలాసేపు మాట్లాడలేదు. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నా.

“ఏ దినం బయలెల్లిన్రు? శనివారమా?” గోడ మీద క్యాలెండర్ వైపు తల తిప్పింది. “అయ్యో బిడ్డా, నవమి నాడు ఎల్లిన్రా!”

నవమి కాబట్టే నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయని ఎంత చెప్పినా వినలేదు. కాసేపయ్యాక మాత్రం, “అల్లుడ్ని లేపేదుంటది కదనే” అంది.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే తెరచాప పట్టుకోడానికి ఇంగ్లండ్ దాకా రానక్కర్లేదు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీదే యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకి, పెద్దలకి సెయిలింగ్ నేర్పుతోంది. గాలి ఎటు నుంచి వస్తోందో చెంపతో తెలుసుకోవడం ఏ నీళ్ళ మీదైనా ఒకటే.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ రాత్రిపూటే తిరుగు ప్రయాణం. బయల్దేరేముందు కేబిన్ మెట్ల పక్కన, పడుకునేవాళ్ళకీ నడిపేవాళ్ళకీ కనిపించేలా ఒక కాగితం అంటించాను. ‘సందేహం వస్తే లేపు’ అని తెలుగులో. ఆ రాత్రి నేను తనని మూడుసార్లు లేపాను, తను నన్ను రెండుసార్లు. ఆ ఐదింటిలో నిజంగా అవసరమైంది ఒక్కటే. ఆ ఒక్కటి ఏదో ముందుగా తెలియదు కాబట్టి, ఐదుసార్లూ విసుక్కోకుండా లేచాం.